రెండో పేరంటాలు

ఆ ఎండాకాలం రావమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టింది. అందరిలాంటి మనిషిగా ఆ ఇంట్లో ఆమె చేసిన ఆఖరి పని అదే.

భర్త జగన్నాథరావు పాత పంచెను చించి, ఉతికి, పెళపెళలాడేదాకా ఎండబెట్టిన తెల్లగుడ్డ అది. దాన్ని జాడీ మూతి మీద పరిచి, అన్ని పక్కలా సమంగా లాగి, మెడ చుట్టూ నూలుతాడు తిప్పి బిగిస్తోంది. పెనుగొలను నుంచి కాయపనికి సాయం వచ్చిన చెల్లెలు సరోజిని జాడీ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఇద్దరి మోచేతులదాకా కారం, ఆవపిండి.

"గట్టిగా పట్టుకోవే. రేపోమాపో పెళ్ళి కావలసిన పిల్లవి. జాడీనే పట్టుకోలేనిదానివి మొగుణ్ణేం పట్టుకుంటావ్?"

"నాకు మొగుడొద్దులే అక్కా, జాడీ చాలు. ఎదురు మాట్లాడదు."

"మీ బావ మాత్రం మాట్లాడతాడా ఏంటి? ఆయనా జాడీనే. ఏం పోస్తే అది పట్టుకుని కూర్చుంటాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగకముందే రావమ్మ గోడ పట్టుకుని లేచింది. జాడీని అటక కింద మూలకు జరపబోతూ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆమె అటు తిరగ్గానే సరోజినికి చీర వెనక మరక కనిపించింది. ఎర్రగా, అరచేయంత. కారం మరకేమో అనుకుంది ముందు. కాదు.

"అక్కా, నువ్వు బయట చేరావా?"

"అరవకే తల్లీ. అత్తయ్య చెవిన పడిందంటే ఈ జాడీ కాస్తా దిబ్బ మీద పోయిస్తుంది. ఇంత కాయా ఇంత నూనే మట్టిపాలు."

ఆ ఇంట్లో ముట్టయిన ఆడది మూడు రోజులు దొడ్డివైపు వసారాలో ఉండాలి. విడిగా చాప, విడిగా గిన్నె, విడిగా చెంబు. నాలుగోనాడు తలస్నానం చేసి లోపలికి రావాలి. పచ్చడి జాడీ మీద నీడ పడినా బూజు పడుతుందని నమ్మకం. తిరువూరులో అప్పుడు చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. ఎవరింట్లో ఎవరు వసారాలో ఉన్నారో వీధి మొత్తానికీ తెలిసేది. దాచుకోవడానికేమీ ఉండేది కాదు.

రావమ్మకు దాచుకోవలసిన అవసరం వచ్చింది. ఏడాదికి పైగా ఆమెకు వేళాపాళా లేకుండా రక్తం కనిపిస్తోంది. భర్త పక్కన పడుకున్న మర్నాడు మరీ తప్పేది కాదు. మొదట్లో కనిపించినప్పుడల్లా చాప తీసుకుని వసారాలోకి పోయేది. అత్తగారు పిచ్చమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "ఏమ్మాయ్, నెలంతా బయటే కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు? కాపరానికొచ్చావా, వసారాకి కాపలాకొచ్చావా?" అని వీధి వినేట్టు అడిగింది. అప్పట్నుంచి రావమ్మ ఊరుకుంది. లోపల గుడ్డలు మడతపెట్టి కట్టుకుని పొయ్యి దగ్గరికి పోయింది, పొలానికి పోయింది, చివరికి పచ్చడి కూడా కలిపింది. కనిపించినన్నాళ్ళూ అది మైల అన్నారు. కనిపించడం మానేశాక ఎవరూ ఏమీ అనలేదు. అది జబ్బేమోనన్న మాట ఎవరి నోటా రాలేదు.

*

వాళ్ళ నాన్న హనుమయ్యకు పెనుగొలనులో కొద్దిపాటి పత్తి చేను, ఒక జత ఎడ్లు. సరోజిని పాకుతుండగానే తల్లి పోయింది. రావమ్మే చెల్లెలికి అన్నం పెట్టింది, జడ వేసింది, బడికి పంపింది. చెల్లెలు కాస్త చేతికొచ్చేదాకా పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. అందుకే ఆమెకు వయసు దాటిందన్నారు, రెండోపెళ్ళి సంబంధం వచ్చింది. జగన్నాథరావు మొదటి భార్య నాగేశ్వరమ్మ పిల్లలు లేకుండా పోయింది. "తోట ఉంది, తాగడు, కసిరి ఎరగడు," అన్నారు మధ్యవర్తులు. ఆ మాటల్లో అబద్ధం లేదు. అతను నిజంగానే నెమ్మదస్తుడు. రావమ్మకు జ్వరం వస్తే పొయ్యి వెలిగించి జావ కాచేవాడు. ఇంత మంచి అల్లుడు దొరకడని హనుమయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

నాగేశ్వరమ్మ ఎలా పోయిందని ఆనాడు ఎవరూ గట్టిగా అడగలేదు. "ముట్టు ఆగక పోయింది" అని ఎవరో అన్నారు. ఆడవాళ్ళు వినే మాట, మగవాళ్ళు విననట్టుండే మాట. అక్కడితో సరి.

పుణ్యస్త్రీగా పోయింది కాబట్టి నాగేశ్వరమ్మ ఆ ఇంటి పేరంటాలైంది. ఏటా ఉగాదికి ముందు శుక్రవారం గోడకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పీట మీద కొత్త చీరా రవికెల గుడ్డా గాజులూ పెట్టి, ఆమెకు ఇష్టమైనవి వండి నైవేద్యం పెట్టేవాళ్ళు. ఆ తర్వాత ఆ చీర రావమ్మ కట్టుకోవాలి. చనిపోయినామెకు పెట్టిన చీర ఉన్నామె కట్టుకుంటే ఇద్దరికీ పొరపొచ్చాలుండవని పద్ధతి. రావమ్మ వేళాకోళం ఆడేది. "మా సవతి నాకంటే రంగులెంచడంలో దిట్టే. ఏటా నీలమే అడుగుతుంది. అత్తయ్యకి నీలం ఇష్టమన్న సంగతి దానికెలా తెలిసిందో!"

మామిడి కాపు రోజుల్లో చూడాలి ఆమెను. బుట్టల్లో వరిగడ్డి పరిచి చిన్నరసాలు పేర్చడంలో ఆమెకు సాటి లేదు. ముచ్చిక పక్కకు వచ్చేట్టు, కాయకు కాయ ఒరుసుకోకుండా ఒకే ఊపున పేర్చేది. బెజవాడ చేరేసరికి ఆమె పేర్చిన బుట్టలో ఒక్క కాయ కమిలేది కాదు. కూలికొచ్చిన ఆడవాళ్ళను నవ్వించి పని చేయించేది. ఇలాంటి మనిషి ఉన్నట్టుండి బుట్ట ముందు కూర్చోలేకపోయింది. నడుము నొప్పి అంది. వేడి చేసిందన్నారు. సబ్జాగింజలు నానబెట్టి తాగించారు.

జాడీకి వాసెన కట్టిన మర్నాడు ఆమె నూతి దగ్గర పడిపోయింది. ఇక దాచడం కుదరలేదు. రక్తం చూసి పిచ్చమ్మ చెంపలు వేసుకుంది. కానీ ఆమె మనసు వైద్యుడి మీదికి పోలేదు.

"నాగేశ్వరమ్మ అడుగుతోందిరా. పోయినేడు చీర నాసిరకంది పెట్టాం. అచ్చం దానికొచ్చినట్టే దీనికీ వచ్చింది, చూడు! తన బాధ దీనికి చూపిస్తోంది."

అచ్చం దానికొచ్చినట్టే. ఆ మాట సరోజిని మనసులో ముల్లులా దిగింది.

*

నాగేశ్వరమ్మకు మళ్ళీ చీర పెట్టారు, ఈసారి పట్టుది. రక్తం ఆగలేదు. చివరికి జగన్నాథరావే తల్లి మాట కాదని రావమ్మను బస్సెక్కించి బెజవాడ తీసుకుపోయాడు. తోడు సరోజిని.

మైలవరం దాటేదాకా రావమ్మ కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చుంది. ఎవరి తోట కాపు ఎలా ఉందో చెబుతూనే ఉంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పెదవి కొరుక్కుని, మళ్ళీ అందుకునేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నడివయసు మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన. లోపల పరీక్ష చేసి, ముక్క తీసి పంపించి, వారం పోయాక రమ్మంది. వారం పోయాక అక్కాచెల్లెళ్ళను ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. జగన్నాథరావు వరండాలో మగవాళ్ళ బెంచీ మీద ఆగిపోయాడు. ఆడవాళ్ళ జబ్బు గదిలోకి మగవాడు రాకూడదని అతని ఉద్దేశం. ఎవరూ అలా అనలేదు.

"గర్భసంచి మూతి దగ్గర పుండు పడిందమ్మా. క్యాన్సర్. పక్కలకి పాకింది. కోసి తీసే దశ దాటిపోయింది. కిరణాలతో కరెంటు పెట్టిస్తే కొన్నాళ్ళు నొప్పి తగ్గుతుంది."

రావమ్మ తలూపింది. ముందే తెలిసినట్టుగా ఉంది ఆ ఊపు. సరోజిని అడిగింది ఒకటే.

"మా బావగారి మొదటి భార్య కూడా ఇలాగే పోయిందండి. రక్తం ఆగక. వాళ్ళత్తగారు ఆవిడే పట్టిందంటోంది. ఆవిడకి పెట్టిన చీరలే మా అక్క కట్టుకుంటుంది. చీరల్లోంచి వస్తుందాండి ఇది?"

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. మొదటావిడ ఎప్పుడు పోయింది, ఏ వయసులో, ఎన్నాళ్ళు బాధపడింది అని ఒక్కొక్కటే అడిగింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"చీరల్లోంచి రాదు. కంచంలోంచి రాదు, నూతి దగ్గర నీళ్ళలోంచి రాదు. పట్టింది దెయ్యమూ కాదు. నేను చెప్పేది ఇంకా పూర్తిగా తేలలేదు, అది గుర్తుంచుకోండి. పైదేశాల్లో డాక్టర్లు లెక్కలు తీశారు. మొదటి భార్య ఈ జబ్బుతో పోయినవాళ్ళు మళ్ళీ పెళ్ళాడితే, ఆ రెండో భార్యలకి ఈ జబ్బు మిగతా ఆడవాళ్ళకంటే ఎక్కువ వస్తోందిట. ఏదో వైరస్ ఉందని అనుమానం. మశూచికి ఉంటుంది చూడు, అలాంటిదే, కంటికి కనపడని పురుగు. అది ఏదో ఇంకా తేల్చలేదు. కానీ దారి మాత్రం ఒకటే అనిపిస్తోంది. భార్యాభర్తల కలయిక."

"అంటే మా బావ నుంచా?"

"కావచ్చు."

"మా బావకేం లేదండి! రాయిలా ఉంటాడు."

"అలాగే ఉంటాడమ్మా. మగవాడికి పుండుండదు, జ్వరముండదు, నొప్పుండదు. తనలో ఉన్నట్టు తనకే తెలియదు. ఆయన చెడు తిరుగుళ్ళు తిరిగాడని కూడా నేననను. ఎప్పుడో కుర్రతనంలో ఒక్కసారి చాలు. మొదటావిడ నుంచి ఆయనకొచ్చి, ఆయన నుంచి మీ అక్కకొచ్చిందేమో కూడా చెప్పలేం. అది అంటిన ఆడవాళ్ళందరికీ పుండు పడదు. చాలామందికి ఏమీ కాదు. ఎవరికి పడుతుందో, ఎందుకు పడుతుందో తెలియదు. పడినా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో మూతి దగ్గర కొంచెం గీకి పరీక్ష చేయిస్తే ముందే పట్టుకోవచ్చు. ముందే పట్టుకుంటే బతుకుతారు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. రావమ్మ ఇంతసేపూ తన చేతుల వంకే చూసుకుంటోంది. గోళ్ళ సందుల్లో కారం ఎరుపు ఇంకా పోలేదు.

"ఆయనకి మందుందాండి?"

"లేదు."

"మరి నా తర్వాత వచ్చేదానికి?"

"ఆయన్ని లోపలికి పిలుస్తాను. ఈ సంగతి ఆయనకి తెలియాలి," అంటూ డాక్టరమ్మ లేవబోయింది. రావమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పెద్దాసుపత్రి డాక్టరు చెయ్యి పట్టుకోవడానికి ఆనాడు ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

"వద్దండి. నాగేశ్వరమ్మని తల్చుకుని ఆయన ఇప్పటికీ ఏడుస్తాడు. ఇద్దర్నీ తనే పొట్టనబెట్టుకున్నాడని తెలిస్తే తోటలో ఏ కొమ్మకో వేలాడతాడు. నాకు ఆడపిల్లుందండి, బడికి పోతోంది ఇప్పుడిప్పుడే. నేనూ పోయి, ఆయనా పోతే దానికెవరు?"

"మళ్ళీ పెళ్ళి చేసుకుంటే?"

"చేసుకోడండి. నాకు తెలుసు ఆయన సంగతి."

తన బలమంతా ఆ మాట మీదే పెట్టి చెప్పింది. అంత నమ్మకంగా చెప్పిన మనిషిని డాక్టరమ్మ కాదనలేకపోయింది. తలుపు తీసింది. వరండాలో జగన్నాథరావు బత్తాయిలు వలుస్తూ కనిపించాడు, ఒక్కొక్క తొన మీదా నారలు తీసి, రావమ్మ కోసం.

*

బయట పంపు దగ్గర మొహం కడుక్కుంటూ రావమ్మ చెల్లెలితో అంది: "నీకో మాట. నేను పోయాక నిన్ను ఆ ఇంటికి అడుగుతారు. పిల్ల కోసమంటారు. ఒప్పుకోకు."

"అలాంటి మాటలిప్పుడెందుకక్కా?"

"ఇప్పుడు కాక ఎప్పుడంటానే, పాడె మీద పడుకుని అంటానా? విన్నావుగా ఆవిడ చెప్పింది. నా పిల్ల పద్మని వచ్చి చూసిపో, జడలు వెయ్యి, బట్టలు కుట్టించు. ఆ ఇంట్లో చాప మాత్రం పరచకు."

సరోజిని ఒట్టు వేసింది. అక్క చెప్పకముందే తనకు ఆ భయం పుట్టిందని మాత్రం చెప్పలేదు.

కరెంటు పెట్టించారు. నొప్పి కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ వచ్చింది. దసరా నాటికి రావమ్మ మంచానికి అతుక్కుపోయింది. వాసన రాకుండా పిచ్చమ్మే స్వయంగా సాంబ్రాణి వేసేది, గుడ్డలు మార్చేది. వసారాకు కాపలాకొచ్చావా అని అడిగిన మనిషి ఇప్పుడు మైల మాటే ఎత్తడం లేదు. కోడలి తల ఒళ్ళో పెట్టుకుని "నా తల్లే, నా తల్లే" అనేది. అంటూనే, "నీ చెల్లెల్ని తెచ్చుకుంటాలే అమ్మాయ్, పిల్ల సంగతి నీకు దిగులొద్దు," అని ధైర్యం చెప్పేది.

రావమ్మ గొంతు కూడదీసుకుంది. "తేవద్దత్తయ్యా. సరోజినిని ఈ ఇంటికి తేవద్దు."

చూడటానికొచ్చిన చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. పోయేముందైనా ఆడదానికి ఓర్వలేనితనం పోదన్నారు. సొంత చెల్లెలంటే కూడా అంత కుళ్ళా అన్నారు. రావమ్మ వింది. కారణం చెప్పలేదు. మంచం పట్టె దగ్గర కూర్చున్న భర్త వైపు చూసి, "ఏడవకు. జాడీకి బీట వేస్తుంది," అంది. ఆ వేళాకోళం సరోజినికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే రావమ్మ పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు భోజనాల్లోకి పిచ్చమ్మ ఆ జాడీ వాసెన విప్పింది. ఆవకాయ బూజు పట్టలేదు. ముక్క గట్టిగా, నూనె పైకి తేలి, ఘాటుగా ఉంది. "చెయ్యి మంచిది," అని కళ్ళు ఒత్తుకుంటూ వడ్డించింది. రావమ్మ ఎలాంటి రోజున ఆ పచ్చడి కలిపిందో ఆ పంక్తిలో సరోజిని ఒక్కతికే తెలుసు.

*

పిచ్చమ్మ అడగనే అడిగింది. హనుమయ్య ఇంటికొచ్చి కూతురితో అన్నాడు: "మీ అక్క ఏదో బాధలో అన్న మాట పట్టుకుని కూర్చుంటే ఎలాగమ్మా? పద్మకి తల్లివవుతావు. మీ బావ ఎలాంటివాడో నీకు తెలియందా?"

అప్పుడు చెప్పింది సరోజిని. తండ్రి ఎదుట అలాంటి మాటలు చెప్పడం అదే మొదలు, అదే చివర. కలయిక అన్న మాట పలకలేక, పొయ్యి వైపు తిరిగి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. మొదటావిడదీ అక్కదీ ఒకటే జబ్బు. బావలో ఏదో ఉండొచ్చు. అతనికి తెలియదు. రేపు ఎవరొచ్చినా వాళ్ళకీ రావచ్చు.

హనుమయ్య భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ వేసుకున్నాడు.

"నిన్ను బలవంతం చేయనులే. కానీ ఈ మాట మన గడప దాటకూడదు. పద్మ ఆ ఇంటి పిల్ల. రేపు దాన్ని ఎవరైనా చేసుకోవాలా వద్దా?"

అతను మాట నిలబెట్టుకున్నాడు. సరోజినిని మళ్ళీ అడగలేదు. పిచ్చమ్మకు ఏం సర్ది చెప్పాడో, ఆవిడా అడగడం మానేసింది.

ఏడాది తిరిగాక గాజులమ్మే జైనాబీ పెనుగొలను వచ్చింది. భుజాన గాజుల మలారం దించి, చెమట తుడుచుకుంటూ, మంచినీళ్ళతో పాటు కబురూ అందించింది.

"మీ బావగారికి సంబంధం కుదిరిందంటమ్మా. రెడ్డిగూడెం పిల్ల. తిరుపతమ్మంట పేరు. తండ్రి లేడు, తల్లే పెంచింది. బంగారంలాంటి పిల్లంట. చెయ్యివ్వు, ఆకుపచ్చ వేస్తా."

"బావ ఒప్పుకున్నాడా?" సరోజిని చెయ్యి జైనాబీ చేతిలోనే ఉండిపోయింది.

"ఏం ఒప్పుకుంటాడమ్మా, మొగాడు! అమ్మ తిండి మానేసి పడుకుంటే ఊఁ అన్నాడంట. ఆయన ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ. చెయ్యి బిగబట్టకమ్మా, గాజు పగిలి గుచ్చుకుంటది."

చేసుకోడండి, నాకు తెలుసు ఆయన సంగతి. సరోజినికి అక్క గొంతు వినిపించింది. ఆ సాయంత్రమే తండ్రిని పట్టుకుంది. రెడ్డిగూడెం వెళ్దాం నాన్నా, ఆ తల్లికి చెబుదాం అంది. పెళ్ళి కాని పిల్ల నోట, అందులోనూ ఆ సంబంధం వద్దన్న పిల్ల నోట ఆ మాట వస్తే కుళ్ళు కింద జమకడతారని హనుమయ్య అన్నాడు. అది నిజమే. "నువ్వు కదలకు. వాళ్ళు మనల్ని వాకబు చేయకుండా ఉండరు. రెండో భార్య పుట్టింటివాళ్ళం కదా. అప్పుడు నేను చూసుకుంటా," అన్నాడు.

కొన్నాళ్ళకు అడిగితే, "వచ్చి కనుక్కుని పోయారులే. నువ్వు చేనుకి పోయినప్పుడు," అన్నాడు. పెళ్ళి ఆగలేదు. తెలిసి కూడా ఇచ్చారంటే వాళ్ళ గతి ఎలా ఉందోనని, అక్క పేరు మీద ఒక దీపం పెట్టి, సరోజిని ఆ రాత్రి ఉపవాసం ఉంది.

*

మరుసటి ఉగాదికి ముందు శుక్రవారం పిచ్చమ్మ కబురు పెట్టింది. రావమ్మకు చీర పెడుతున్నాం, పుట్టింటి ఆడపడుచుగా రావాలని.

గోడ మీద ఇప్పుడు రెండు పసుపు పూతలు. రెండు పీటలు. ఒక పీట మీద నీలం చీర, ఇంకో పీట మీద వంగపండు రంగు చీర. రావమ్మకు ఏ రంగు ఇష్టమో పద్మ చెప్పిందట. నైవేద్యాలయ్యాక తిరుపతమ్మ ముందుగా వంగపండు రంగు చీర కట్టుకుని వచ్చి సరోజిని కాళ్ళకు దణ్ణం పెట్టింది. చామనచాయ, పెద్ద కళ్ళు, ఆగకుండా నవ్వే మొహం. పద్మ ఆమె కొంగు వదలడం లేదు. పద్మ జడలు ఒద్దికగా, రిబ్బన్లు సమంగా ఉన్నాయి. అది చూసి సరోజినికి ఏడుపొచ్చింది.

పిచ్చమ్మ పేరంటానికొచ్చిన ఆడవాళ్ళకు తాంబూలాలిస్తుండగా సరోజిని ఆ పిల్లను దొడ్డివైపు వసారాలోకి పిలిచింది. అది ఎంతోమంది చాపలు పరిచిన చోటు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"తిరుపతమ్మా, ఏడాదికోసారి బెజవాడ పోయి లేడీ డాక్టరుకి చూపించుకో. ఒంట్లో బాగున్నా సరే. గీకి చేసే పరీక్ష ఒకటుంది. వేళ కాని వేళ రక్తం కనిపిస్తే మాత్రం దాచకు. వసారాలో కూర్చోకు. బస్సెక్కు."

"నాకేం రోగమండీ, గుండ్రాయిలా ఉంటే!" నవ్వింది తిరుపతమ్మ. తర్వాత సరోజిని మొహం చూసి నవ్వు తగ్గించింది. "అక్కయ్యగారు అలా పోయారని మీకు భయం. నాకు తెలుసండీ. మా అమ్మ కూడా ముందు భయపడింది. ఇద్దరూ ఒకటే జబ్బుతో పోయుంటే ఇవ్వనంది. అది కనుక్కోవడానికే మీ ఊరొచ్చింది, మీరు చేలో ఉన్నారట. మీ నాన్నగారు మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, కాదమ్మా, మొదటావిడది కడుపులో శూల, మా అమ్మాయిది రక్తం తక్కువ, రెంటికీ సంబంధం లేదని పద్మ మీద ఒట్టేసి చెప్పారట. ఆయన అంత గట్టిగా చెప్పబట్టే మా అమ్మ ఒప్పుకుందండీ."